ప్లస్ వన్ చదువుతూనే కాలేజీ కోర్సులు: కల్లావి ప్రాంత తెలుగు విద్యార్థులకు ఉన్న దారులు, చూసుకోవలసిన జాగ్రత్తలు

కల్లావి: పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్లలో ఒకటే చర్చ. ప్లస్ వన్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి, ఏ బడిలో చేర్చాలి, ఇక్కడే ఉంచాలా, ఆంధ్రకు పంపాలా? ఈ చర్చలో చాలామందికి తట్టని సంగతి ఒకటి ఉంది. ప్లస్ వన్, ప్లస్ టూ చదువుతుండగానే డిగ్రీ, ఇంజనీరింగ్ స్థాయి కోర్సులు కొన్నింటిని ఊరు కదలకుండా చదువుకోవచ్చు. వీటిలో కొన్ని పూర్తిగా ఉచితం. ఒకటి మాత్రం నేరుగా ఐఐటీ మద్రాసు డిగ్రీకి తలుపు తెరుస్తుంది.

అయితే ఈ కోర్సులన్నీ ఒకే రకం కావు. కొన్నిటికి చదువు పరంగా విలువ ఉంటుంది, కొన్నిటికి కాగితం మాత్రమే దక్కుతుంది. పైగా పదో తరగతి తర్వాత తొందరపడి తీసుకునే నిర్ణయాల వల్ల కొన్ని దారులు మూసుకుపోతాయి. ఊత్తంగరై, కల్లావి, సామల్‌పట్టి, బర్గూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఉపయోగపడేలా ఆ వివరాలన్నీ ఒకచోట ఇస్తున్నాం.

ఒకప్పుడు ఇది కాలేజీ చదువే

మన తాతల కాలంలో పదకొండో తరగతితో ఎస్.ఎస్.ఎల్.సి. అయిపోయేది. ఆ తర్వాత ఒక ఏడాది పీయూసీ. అది బడిలో కాదు, కాలేజీలో చదివేవారు. 1978లో తమిళనాడు ప్రభుత్వం ప్లస్ టూ విధానం తెచ్చింది. దాంతో ఆ చదువు కాలేజీ నుంచి హయ్యర్ సెకండరీ స్కూలుకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ వేరే దారిలో వెళ్లింది. అక్కడ రెండేళ్ల ఇంటర్మీడియట్ పెట్టి, 1971లో దానికి ప్రత్యేక బోర్డు ఏర్పాటు చేశారు. పాఠాలు జూనియర్ కాలేజీల్లో చెబుతారు. కర్ణాటకలో ఇప్పటికీ పీయూ కాలేజీ అనే అంటారు.

అందుకే కుప్పంలో పదహారేళ్ల పిల్లవాడు 'కాలేజీకి వెళ్తున్నా' అంటాడు, కల్లావిలో అదే వయసు పిల్లవాడు 'బడికి వెళ్తున్నా' అంటాడు. చదివే భౌతికశాస్త్రం, గణితం దాదాపు ఒకటే. పేరులో కాలేజీ ఉన్నంత మాత్రాన అక్కడి చదువు పై స్థాయిది కాదు, బడి అన్నంత మాత్రాన ఇక్కడిది తక్కువదీ కాదు. ఈ తేడా ముందుగా అర్థమైతే, మన పిల్లలకు నిజంగా కాలేజీ స్థాయి చదువు ఎక్కడ దొరుకుతుందో వెతకడం సులువవుతుంది.

మూడు రకాల కోర్సులు

ప్రకటన ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, ఏ కోర్సు గురించైనా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది పూర్తి చేస్తే చేతికి ఏమొస్తుంది? సమాధానాన్ని బట్టి ఈ కోర్సులు మూడు రకాలు.

మొదటిది, డిగ్రీలో భాగమయ్యేది. అంటే ఇప్పుడు చదివినది రేపటి డిగ్రీ ప్రవేశానికో, క్రెడిట్లకో పనికొస్తుంది. రెండోది, సర్టిఫికెట్ ఇచ్చేది. అది నేర్చుకున్నట్టు రుజువు మాత్రమే, కాలేజీ సీటుకు దానివల్ల మార్కులు కలవవు. మూడోది, పరీక్ష గానీ కాగితం గానీ లేకుండా కేవలం నేర్చుకోవడానికి ఉపయోగపడేది. మూడింటికీ వాటి విలువ వాటికి ఉంది. రెండో రకాన్ని మొదటి రకం అని నమ్మించి డబ్బు వసూలు చేసేవాళ్ల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి.

క్రెడిట్ అనే మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. 2023లో కేంద్రం ప్రకటించిన జాతీయ క్రెడిట్ విధానంలో బడి చదువుకు కూడా క్రెడిట్ల లెక్క వేశారు. 30 గంటల చదువుకు 1 క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. కాగితం మీద ఇది బాగుంది. అయినా ఒక ప్లస్ వన్ విద్యార్థి బయట చదివిన కోర్సును తన డిగ్రీలో కలుపుకోవాలంటే, చేరిన కాలేజీ ఒప్పుకోవాలి. తమిళనాడు 2025 ఆగస్టులో తన సొంత రాష్ట్ర విద్యా విధానాన్ని విడుదల చేసింది కాబట్టి, కేంద్రం చెప్పినవన్నీ ఇక్కడి కాలేజీల్లో వెంటనే అమలవుతాయని అనుకోకూడదు.

డిగ్రీకి దారి తీసేది: ఐఐటీ మద్రాసు బీఎస్

ఐఐటీ మద్రాసు 2020 జూన్‌లో ఆన్‌లైన్ డిగ్రీ ఒకటి మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు బీఎస్ డేటా సైన్స్ అండ్ అప్లికేషన్స్. 2023లో బీఎస్ ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ కూడా వచ్చింది. వీటికి జేఈఈ అక్కర్లేదు. వయసు పరిమితి లేదు. ప్లస్ వన్ చివరి పరీక్షలు రాసిన విద్యార్థి కూడా దరఖాస్తు చేసుకోవచ్చు.

ప్రవేశం ఎలాగంటే, దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ ముందుగా 4 వారాల పాఠాలు ఇస్తారు. డేటా సైన్స్‌లో గణితం, స్టాటిస్టిక్స్, కంప్యుటేషనల్ థింకింగ్, ఇంగ్లీషు అనే 4 సబ్జెక్టులు ఉంటాయి. ప్రతివారం అసైన్‌మెంట్లు చేయాలి. వాటిలో కనీస మార్కులు తెచ్చుకున్నవాళ్లు క్వాలిఫయర్ పరీక్ష రాస్తారు. ఆ పరీక్ష ఇంట్లో రాసేది కాదు, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాయాలి. ఇక్కడ ఒకరితో ఒకరికి పోటీ లేదు. నిర్ణయించిన మార్కులు దాటినవాళ్లందరికీ ప్రవేశం ఉంటుంది. ప్లస్ వన్ తర్వాత పాసైన విద్యార్థి, ప్లస్ టూ పూర్తి చేశాక ఫౌండేషన్ స్థాయిలో చేరవచ్చు.

డిగ్రీ మొత్తం 142 క్రెడిట్లు. అందులో మొదటి మెట్టు ఫౌండేషన్, 8 కోర్సులు, 32 క్రెడిట్లు. ఆ తర్వాత డిప్లొమా, బీఎస్సీ, బీఎస్. మధ్యలో ఆపేసినా అప్పటికి దాటిన మెట్టుకు తగిన సర్టిఫికెట్ ఇస్తారు. ఊళ్లో ఉంటూ పొలం పని చూసుకునే పిల్లలకూ, దగ్గరి కాలేజీలో వేరే డిగ్రీ చదివేవాళ్లకూ ఇది వీలైన ఏర్పాటు. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతి ఇచ్చింది కనుక, ఊత్తంగరైలోనో కృష్ణగిరిలోనో మామూలు కాలేజీలో చేరి, దీన్ని పక్కన చదువుకునే అవకాశం ఉంది.

అర్హత విషయంలో రెండు డిగ్రీలకూ తేడా ఉంది. డేటా సైన్స్‌కు పదో తరగతిలో గణితం, ఇంగ్లీషు చదివి ఉంటే చాలు. ప్లస్ టూలో కామర్స్ గ్రూపు తీసుకున్నా, ఆర్ట్స్ గ్రూపు తీసుకున్నా అడ్డు లేదు. ఎలక్ట్రానిక్ సిస్టమ్స్‌కు మాత్రం ప్లస్ టూలో గణితం, భౌతికశాస్త్రం తప్పనిసరి.

ఫీజు కోర్సు చొప్పున కట్టాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకూ, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకూ 75 శాతం వరకు రాయితీ ఉంది. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ముందే సిద్ధంగా ఉంచుకోవాలి. తాలూకా ఆఫీసులో చివరి వారం పరిగెత్తితే గడువు దాటిపోతుంది. ఆది ద్రావిడ, గిరిజన విద్యార్థులకు తాడ్కో సంస్థ ద్వారా ఈ కోర్సుకు శిక్షణ, ఫీజు సాయం ప్రకటిస్తుంటారు. కృష్ణగిరిలోని తాడ్కో జిల్లా కార్యాలయంలో ఆ ఏడాది వివరాలు అడిగి తెలుసుకోవచ్చు.

సర్టిఫికెట్ ఇచ్చేవి: స్కూల్ కనెక్ట్, ఎన్‌పీటెల్

ఐఐటీ మద్రాసే బడి పిల్లల కోసం స్కూల్ కనెక్ట్ పేరుతో చిన్న కోర్సులు నడుపుతోంది. ఇవి ప్లస్ వన్, ప్లస్ టూ విద్యార్థులకు ఉద్దేశించినవి. ఒక్కొక్కటి సుమారు 8 వారాలు. డేటా సైన్స్, ఏఐ పరిచయం ఒకటి, ఎలక్ట్రానిక్స్ పరిచయం ఒకటి మొదట వచ్చాయి, తర్వాత మరికొన్ని చేరాయి. ఫీజు నామమాత్రం. ఇక్కడ ముఖ్యమైన సంగతి, బడి తరఫున భాగస్వామిగా చేరాలి. కాబట్టి విద్యార్థి ఒక్కడు అనుకుంటే చాలదు, హెడ్‌మాస్టరు ముందుకు రావాలి. తల్లిదండ్రుల సంఘంలో, బడి నిర్వహణ కమిటీ సమావేశంలో ఈ విషయం అడగవచ్చు. బడికి పెద్ద ఖర్చు లేని పని ఇది.

ఎన్‌పీటెల్ ఇంతకంటే పాతది. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. కోర్సులు 4, 8, 12 వారాల నిడివితో జనవరి, జూలై నెలల్లో మొదలవుతాయి. కేంద్రప్రభుత్వ స్వయం వేదిక ద్వారా ఎవరైనా ఉచితంగా చేరవచ్చు. బడి పిల్లలు చేరకూడదన్న నిబంధన లేదు. పాఠాలు విని వదిలేసినా ఖర్చు లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, కేంద్రంలో పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఐఐటీ రోపర్ ఆచార్యుడు సుదర్శన్ అయ్యంగార్ చెప్పే 'ది జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్' మంచి ఆరంభం. ప్రోగ్రామింగ్ అసలు తెలియనివాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిన 12 వారాల కోర్సు అది. అది సులువుగా అనిపించినవాళ్లు చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యుడు మాధవన్ ముకుంద్ పైథాన్‌తో డేటా స్ట్రక్చర్స్, ఆల్గరిదమ్స్ నేర్పే కోర్సుకు వెళ్లవచ్చు. రెండో కోర్సు నిజంగానే ఇంజనీరింగ్ స్థాయిది, మొదటి వారంలో కష్టంగా ఉన్నా కంగారు పడక్కర్లేదు.

ఈ సర్టిఫికెట్ల వల్ల అన్నా విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో ఒక్క మార్కు కూడా కలవదు. ఇంజనీరింగ్ కటాఫ్ లెక్క ఇప్పటికీ గణితం 100, భౌతికశాస్త్రం 50, రసాయనశాస్త్రం 50, మొత్తం 200. మరి ఎందుకు చదవాలి అంటే, మొదటి సెమిస్టర్‌లో చాలామంది పిల్లలు తడబడేది ప్రోగ్రామింగ్‌లోనూ, ఇంగ్లీషులో పాఠం వినడంలోనూ. ఈ రెండూ ముందే అలవాటైన పిల్లలకు ఆ ఇబ్బంది ఉండదు.

కేవలం నేర్చుకోవడానికి: టీవీలో వచ్చే పాఠాలు

ఇంట్లో ఇంటర్నెట్ సరిగా లేనివాళ్లకు స్వయం ప్రభ చానెళ్లు ఉన్నాయి. 2017లో మొదలైన ఈ చానెళ్లు డీడీ ఫ్రీ డిష్‌లో ఉచితంగా వస్తాయి. వీటిలో ఐఐటీ పాల్ పేరుతో నడిచే కార్యక్రమం ప్లస్ వన్, ప్లస్ టూ విద్యార్థులకు గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, జీవశాస్త్రం పై స్థాయిలో బోధిస్తుంది. సెల్‌ఫోన్ చిన్న తెరలో లెక్కలు చూసి కళ్లు నొప్పి పుట్టించుకోవడం కంటే టీవీలో చూడటం మేలు.

ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే మాత్రం కంప్యూటర్ ముందు కూర్చోవాలి, ఫోన్ చాలదు. తమిళనాడు ప్రభుత్వ హయ్యర్ సెకండరీ స్కూళ్లలో హైటెక్ ల్యాబులు ఉన్నాయి. బడి అయిపోయాక వారానికి రెండు రోజులు గంటసేపు ల్యాబ్ తెరిచి ఉంచమని నలుగురైదుగురు విద్యార్థులు కలిసి కోరితే, ఒక్కడు అడిగినదాని కంటే పని జరిగే అవకాశం ఎక్కువ.

ప్లస్ వన్ ఏడాదే సరైన సమయం

ప్లస్ టూలో 600 మార్కులకు పబ్లిక్ పరీక్ష ఉంటుంది. సీటు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఆ ఏడాది కొత్త భారం నెత్తిన వేసుకోవడం తెలివైన పని కాదు. ప్లస్ వన్ సంగతి వేరు. 2017-18లో ప్రవేశపెట్టిన ప్లస్ వన్ పబ్లిక్ పరీక్షను 2025-26 నుంచి రద్దు చేశారు. దాంతో ఆ ఏడాదిలో ఇప్పుడు కాస్త ఊపిరి తీసుకునే వీలు దొరికింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్లస్ వన్‌కు పబ్లిక్ పరీక్ష పెట్టడానికి కారణమే, చాలా బడులు ప్లస్ వన్ పాఠాలు పక్కన పెట్టి మొదటి ఏడాది నుంచే ప్లస్ టూ పుస్తకం రుద్దడం. పిల్లలు ప్లస్ టూలో మార్కులు తెచ్చుకుని, ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో ఫెయిలయ్యేవారు. జేఈఈ, నీట్ ప్రశ్నల్లో ప్లస్ వన్ పాఠాలకూ సమాన స్థానం ఉంది. కాబట్టి పరీక్ష పోయింది కదా అని ప్లస్ వన్ పాఠాలు వదిలేసి బయటి కోర్సులు చదివితే పునాది లేకుండా గోడ కట్టినట్టే అవుతుంది.

సమయం లెక్క కూడా చూసుకోవాలి. ఐఐటీ మద్రాసు బీఎస్‌లో ఒక్కో కోర్సుకు వారానికి సుమారు 10 గంటలు కావాలని ఆ సంస్థే చెబుతుంది. క్వాలిఫయర్ దశలో 4 కోర్సులంటే వారానికి 40 గంటలు. బడి నడుస్తుండగా ఇది ఎవరి వల్లా కాదు. ప్లస్ వన్ పరీక్షలు అయ్యాక వచ్చే వేసవి సెలవులే దీనికి అనువైన కాలం. బీఎస్ ప్రవేశాలు ఏడాదికి మూడుసార్లు, జనవరి, మే, సెప్టెంబరు టర్ములకు జరుగుతాయి కాబట్టి వేసవిలో కుదరకపోతే ఆందోళన అక్కర్లేదు. ప్లస్ టూ అయ్యాక కూడా రాయవచ్చు. బడి నడిచే రోజుల్లో అయితే ఒకసారికి ఒక్క ఎన్‌పీటెల్ కోర్సు, అదీ వారానికి నాలుగైదు గంటలు మించకుండా పెట్టుకోవాలి.

ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, తెర మీద ఇంగ్లీషు

కల్లావి ప్రాంతపు తెలుగు పిల్లల అసలు కష్టం ఇదే. హోసూరు, తళి, శూలగిరి, వేపనపల్లి ప్రాంతాల్లో తెలుగు మీడియం చదివేవాళ్లు ఉన్నారు. మన వైపు ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళ మీడియంలో చదువుతారు. ఈ కోర్సుల్లో దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. పిల్లలు వెనుకబడితే బుర్ర లేదని కాదు, మాట అందడం లేదని అర్థం చేసుకోవాలి.

దీనికి కొన్ని ఉపాయాలున్నాయి. ఎన్‌పీటెల్ చాలా కోర్సుల పాఠాల రాతప్రతులను తెలుగు, తమిళంతో సహా భారతీయ భాషల్లోకి అనువదించి ఉచితంగా పెట్టింది. ముందు మాతృభాషలో చదివి, తర్వాత ఇంగ్లీషులో వింటే సగం బరువు తగ్గుతుంది. ఏఐసీటీఈ వారి ఈ-కుంభ్ వేదికలో ఇంజనీరింగ్, డిప్లొమా పాఠ్యపుస్తకాలు తెలుగులోనూ తమిళంలోనూ దొరుకుతాయి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్ గణితం, భౌతికశాస్త్రం పుస్తకాలను తెలుగులో ప్రచురిస్తూ వచ్చింది. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు ఒక భావన తమిళ పుస్తకంలో అర్థం కాకపోతే తెలుగు పుస్తకంలో వెలగవచ్చు. రెండు భాషలు వచ్చినవాళ్లకు రెండు పుస్తకాలు ఉన్నట్టే. ఇది మన పిల్లలకు ఉన్న బలం, దాన్ని వాడుకోవాలి.

ప్రవేశ పరీక్షల విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. జేఈఈ మెయిన్, నీట్ ప్రశ్నపత్రాలు తెలుగులో ఉన్నాయి కానీ, అవి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాల్లోనే ఇస్తారు. కృష్ణగిరి, సేలం కేంద్రాల్లో తెలుగు ప్రశ్నపత్రం ఉండదు. తెలుగు మీడియం విద్యార్థి తెలుగు ప్రశ్నపత్రం కావాలనుకుంటే దరఖాస్తులోనే ఆంధ్రలోని కేంద్రం ఎంచుకోవాలి, తర్వాత మార్చుకోవడం కష్టం.

ఇక తెలుగు భాషనే పై స్థాయిలో చదవాలనుకునేవారి సంగతి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వర్తించేది పదో తరగతి వరకే. ప్లస్ వన్‌లో పార్ట్ 1 భాషగా తెలుగు ఎంచుకునే వీలు ఉంది, బడిలో బోధించే ఏర్పాటు ఉండాలి. పదో తరగతి తమిళంతో పాసైన విద్యార్థి ప్లస్ వన్‌లో మళ్లీ తెలుగుకు రావచ్చని చాలామందికి తెలియదు. ఆ తర్వాత డిగ్రీ, పీజీ స్థాయిలో తెలుగు చదవడానికి మనకు దగ్గరలోనే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. తమిళనాడు, కర్ణాటక, కేరళ రాష్ట్రాల సహకారంతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1997లో స్థాపించిన సంస్థ అది.

సరిహద్దు దాటే ముందు లెక్క వేసుకోండి

పై చదువు అనగానే మన కుటుంబాల్లో కొందరు పిల్లల్ని చిత్తూరు, తిరుపతి వైపు ఇంటర్‌కు పంపుతున్నారు. బంధువులు అక్కడున్నారు, చదువు తెలుగువాళ్ల మధ్య సాగుతుంది అన్నది వారి ఆలోచన. అది తప్పని చెప్పడం లేదు. కానీ పంపే ముందు పోగొట్టుకునేది ఏమిటో తెలియాలి.

తమిళనాడు ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 వరకు చదివినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం రిజర్వేషన్‌ను 2020లో, ఇంజనీరింగ్, వ్యవసాయం, న్యాయం వంటి కోర్సుల్లో 2021లో చట్టం చేశారు. ప్లస్ వన్‌కు రాష్ట్రం దాటితే ఈ హక్కు పూర్తిగా పోతుంది. ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12 వరకు చదివి కాలేజీలో చేరిన అమ్మాయిలకు పుదుమై పెన్, అబ్బాయిలకు తమిళ్ పుదల్వన్ పథకాల కింద నెలకు 1000 రూపాయలు ఇస్తారు. అదీ దక్కదు. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో 8 నుంచి 12 వరకు తమిళనాడులో చదివినవారికి నివాస ధ్రువపత్రం అక్కర్లేదు, బయట చదివినవారు అది తెచ్చుకోవాలి.

పోనీ ఆంధ్రలో సీటు దొరుకుతుందా అంటే, అక్కడ చదువు ఆధారంగా లోకల్ అభ్యర్థిగా లెక్కలోకి రావడానికి అర్హత పరీక్షతో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు అక్కడే చదివి ఉండాలి. రెండేళ్ల ఇంటర్‌తో లోకల్ కారు. పదో తరగతి ఇక్కడ, ఇంటర్ అక్కడ చదివిన పిల్లవాడి పరిస్థితి రెంటికీ చెడ్డ రేవడిలా అవుతుంది. పై స్థాయి పాఠాల కోసమే అయితే, పైన చెప్పిన కోర్సులన్నీ కల్లావిలో కూర్చునే చదవవచ్చు. వాటికోసం రిజర్వేషన్ వదులుకోవలసిన పని లేదు.

అమెరికా బంధువులు చెప్పే 'ఏపీ'

అమెరికాలో ఉన్న చుట్టాలు ఫోన్‌లో 'మా వాడు ఆరు ఏపీలు తీసుకున్నాడు' అంటే ఆంధ్రప్రదేశ్ అనుకోకూడదు. అది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజ్ బోర్డు అనే సంస్థ 1955లో ఈ కార్యక్రమం చేపట్టింది. హైస్కూల్ విద్యార్థులు కాలేజీ స్థాయి సబ్జెక్టులు ఐచ్ఛికంగా తీసుకుని, మే నెలలో పరీక్ష రాస్తారు. 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. 3 గానీ, అంతకు మించి గానీ వస్తే చాలా విశ్వవిద్యాలయాలు క్రెడిట్ ఇస్తాయి. దానివల్ల డిగ్రీలో కొన్ని కోర్సుల ఫీజు, సమయం మిగులుతాయి. అక్కడ ఇది ఆదా చేసే మార్గం.

మన దేశంలోనూ ఈ పరీక్ష రాసే కేంద్రాలు ఉన్నాయి. కానీ తమిళనాడు కౌన్సెలింగ్‌లో దీనికి విలువ లేదు. అమెరికా విశ్వవిద్యాలయంలో డిగ్రీకి వెళ్లాలని గట్టిగా అనుకున్నవారికి తప్ప, మిగతావాళ్లకు ఆ ఫీజు అనవసరం. ఇందులో స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, చైనీస్, జపనీస్ వంటి భాషలున్నాయి, భారతీయ భాష ఒక్కటీ లేదు. అయినా అక్కడి తెలుగువాళ్లు ఊరుకోలేదు. సిలికానాంధ్ర 2007లో ప్రారంభించిన మనబడి, తెలుగు విశ్వవిద్యాలయంతో కలిసి సర్టిఫికెట్ కోర్సులు నడిపింది. కొన్ని స్కూలు డిస్ట్రిక్టుల్లో మనబడి తెలుగును విదేశీ భాషా క్రెడిట్‌గా అంగీకరించేలా చేసుకున్నారు. సంఘంగా అడిగితే తెలుగుకు చోటు దొరుకుతుందనడానికి ఇది ఉదాహరణ.

ఎవరిని అడగాలి

ప్రభుత్వ బడుల విద్యార్థులకు 2022 మార్చి 1న మొదలైన నాన్ ముదల్వన్ పథకం కింద ఉన్నత విద్య మార్గదర్శనం ఉంది. బడిలో దానికి బాధ్యత వహించే టీచరు ఎవరో తెలుసుకుని అడగాలి. కృష్ణగిరితో సహా అన్ని జిల్లాల్లో ప్రభుత్వ మోడల్ స్కూళ్లు ఉన్నాయి. పెద్ద విద్యాసంస్థల ప్రవేశాలకు అక్కడ ప్రత్యేకంగా తయారు చేస్తారు. మోడల్ స్కూలులో చదివినా ప్రభుత్వ బడి కిందే లెక్క.

చివరగా, తల్లిదండ్రులు చూసుకోవలసిన కొన్ని విషయాలు. ఐఐటీ పేరు చెప్పి ఎవరైనా ఏజెంటు వేల రూపాయలు అడిగితే ఇవ్వకండి. దరఖాస్తు ఆ సంస్థ సొంత వెబ్‌సైట్‌లోనే, విద్యార్థి పేరుతోనే చేయాలి. ఫీజు, గడువు ప్రతి టర్ముకూ మారవచ్చు కాబట్టి కట్టే రోజున అక్కడే సరిచూసుకోండి. పిల్లల ఈమెయిల్, పాస్‌వర్డ్ బ్రౌజింగ్ సెంటర్ వాళ్ల దగ్గర వదిలేయకండి. ఆధార్‌లో, పదో తరగతి మార్కుల పత్రంలో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. తెలుగు ఇంటి పేరు ఒకచోట పూర్తిగా, మరోచోట ఒక్క అక్షరంగా ఉండటం మన ఇళ్లలో మామూలే, సర్టిఫికెట్ వచ్చే రోజున అదే తలనొప్పి అవుతుంది.

ప్లస్ వన్‌లో చేరిన మొదటి నెల బడి పాఠాలకే ఇవ్వండి. జూలైలో ఒక్క ఎన్‌పీటెల్ కోర్సు మొదలుపెట్టి, నాలుగు వారాలు చూడండి. ఆసక్తి నిలిస్తే కొనసాగించాలి, లేకపోతే మానేసినా నష్టం లేదు. నిలిచినవాళ్లు వేసవిలో క్వాలిఫయర్ వైపు చూడవచ్చు.